ఒత్తిడి, పీడనం, పోటు: ఒక "ప్రెషర్"కి ఎన్ని తెలుగు మాటలు?

మన ఇళ్ళలో రోజూ వినబడే ఇంగ్లీషు మాట ఒకటుంది. వంటింట్లోంచి అమ్మ "కుక్కర్ ప్రెషర్ ఇంకా దిగలేదు, మూత తియ్యకు" అంటుంది. ఇండియా నుంచి ఫోన్లో తాతయ్య "డాక్టరు గారు ప్రెషర్ కొంచెం ఎక్కువుందన్నారురా" అంటారు. నాన్న కారెక్కగానే "టైరు ప్రెషర్ తగ్గింది" అంటారు. హైస్కూల్లో ఉన్న అక్క "టూ మచ్ ప్రెషర్" అని గది తలుపు వేసుకుంటుంది. నాలుగు చోట్లా మాట ఒకటే. మరి నాలుగూ ఒకటేనా?

ఈ పాఠం మన బడిలో పై తరగతుల పిల్లల కోసం. అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చుని చదివితే ఇంకా మంచిది. ఎందుకో చివరికి వచ్చేసరికి తెలుస్తుంది.

1. ముందుగా మాటల సంగతి

ఇంగ్లీషులో ప్రెషర్ ఒక్కటే. మన తెలుగులో సందర్భాన్ని బట్టి మాట మారుతుంది.

ఒత్తిడి: ఇది అచ్చ తెలుగు మాట. "ఒత్తు" అంటే నొక్కు, అదుము. పూరీ ఒత్తుతాం, తాతయ్య కాళ్ళు ఒత్తుతాం. మీరు ఈ బడిలో చేరిన ఏడాదే "ఒత్తులు" నేర్చుకున్నారు కదా! "అమ్మ" అని రాసేటప్పుడు మ కింద ఇంకో మ చేరుస్తాం, దాన్ని ఒత్తు అంటాం. ఖ, ఘ, ఛ లాంటి అక్షరాలను ఒత్తి పలకమంటాం. గట్టిగా నొక్కడం అన్న అర్థం అన్నిట్లోనూ ఉంది. మనిషి మనసు మీద పడే బరువుకి ఈ రోజుల్లో ఎక్కువగా వాడే మాట ఇదే.

పీడనం: ఇది సంస్కృతం నుంచి వచ్చింది. "పీడ" అంటే బాధ. పీడకల, "పీడ విరగడైంది" అనే మాటలు మీరు వినే ఉంటారు. తెలుగు మీడియం సైన్సు పుస్తకాల్లో ప్రెషర్‌ని పీడనం అంటారు. బాధకు సంబంధించిన మాట సైన్సులోకి వెళ్ళాక, అందులోని బాధ పోయి కొలత మిగిలింది.

పోటు: పొడవడం, ఉవ్వెత్తున రావడం. రక్తపోటు, తలపోటు, గుండెపోటు, సముద్రానికి ఆటుపోట్లు. తాతయ్య చెప్పింది రక్తపోటు గురించి.

ఇంకో తమాషా చూడండి. బంగాళాఖాతంలో గాలి పీడనం తగ్గితే రేడియో, టీవీ వార్తల్లో "అల్పపీడనం ఏర్పడింది" అంటారు. అది బలపడితే "వాయుగుండం". దీన్నే ఇంగ్లీషులో డిప్రెషన్ అంటారు. మనసు బాగా దిగజారిపోయిన స్థితికీ ఇంగ్లీషులో అదే మాట. తెలుగులో మనసుది "కుంగుబాటు". బరువు ఎక్కువైతే దూలం కుంగుతుంది, వంతెన స్తంభం కుంగుతుంది. అలాగే మనసూ కుంగుతుందని మన భాష చెబుతోంది.

2. పీడనం అంటే ఏమిటి?

సూత్రం చాలా చిన్నది. పీడనం = బలం ÷ వైశాల్యం. ఎంత బలం పడుతోంది అన్నది ఒక్కటే చాలదు, అది ఎంత జాగా మీద పడుతోంది అన్నది కూడా చూడాలి.

ఒక లెక్క చేద్దాం. మీ స్కూలు బ్యాగు 8 కిలోలు ఉందనుకోండి. అది భుజాల మీద వేసే బలం సుమారు 80 న్యూటన్లు. బ్యాగు పట్టీలు 6 సెంటీమీటర్ల వెడల్పు ఉండి, ఒక్కొక్కటి 15 సెంటీమీటర్ల పొడవున భుజాన్ని తాకుతుంటే, రెండు పట్టీలూ కలిపి 180 చదరపు సెంటీమీటర్లు. పీడనం సుమారు 4,400 పాస్కల్స్. అదే బ్యాగుకి ఒకటిన్నర సెంటీమీటరు వెడల్పున్న సన్నటి పట్టీలు ఉంటే పీడనం సుమారు 17,800 పాస్కల్స్. బ్యాగులో ఒక్క పుస్తకం కూడా పెరగలేదు, కానీ భుజం మీద పీడనం నాలుగు రెట్లయింది! కత్తిపీటకి పదునెందుకో, గుండుసూది మొన సన్నగా ఎందుకుంటుందో, ఇసుకలో నడిచే ఒంటెకి వెడల్పాటి పాదాలెందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఇప్పుడు దీన్ని చదువుకి అన్వయిద్దాం. సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టుకి మొత్తం 10 గంటల పని ఉంది. పది రోజుల మీద పరిస్తే రోజుకి గంట. ఆఖరి రాత్రికి ఉంచితే ఒక్క రాత్రిలో 10 గంటలు. పని అంతే, జాగా మారింది. "నాకు పని ఎక్కువైంది" అనిపించినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. నిజంగా బలం ఎక్కువైందా, లేక వైశాల్యం తగ్గిందా? వైశాల్యం తగ్గి ఉంటే, పట్టీ వెడల్పు చేసుకోవడం మీ చేతిలో ఉంది. బలమే ఎక్కువైతే, అంటే ఐదు ఏ.పి. క్లాసులూ, కూచిపూడీ, టెన్నిసూ, వయొలినూ, శనివారం తెలుగూ అన్నీ ఒకే పిల్ల భుజాల మీద ఉంటే, పట్టీ వెడల్పు చేసి లాభం లేదు. బ్యాగులోంచి ఏదో ఒకటి తియ్యాలి. అది మాత్రం పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడి చేయాల్సిన పని.

3. గాలి సముద్రం అడుగున

1643లో ఇటలీలో టారిచెల్లి అనే శాస్త్రవేత్త ఒక గాజు గొట్టం నిండా పాదరసం పోయించి, దాన్ని పాదరసం ఉన్న గిన్నెలో తలకిందులుగా నిలబెట్టించాడు. పాదరసం అంతా కిందికి జారిపోలేదు, సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున నిలిచింది. దాన్ని నిలబెట్టింది బయటి గాలి. మనమంతా గాలి సముద్రం అడుగున బతుకుతున్నామని ఆయన గ్రహించాడు.

ఆ గాలి బరువు ఎంతో తెలుసా? ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువంత. మీ అరచెయ్యి 100 చదరపు సెంటీమీటర్లు ఉంటే, దాని మీద దాదాపు 100 కిలోల బరువు ఉన్నట్టు! మరి చెయ్యి ఎందుకు నలిగిపోదు? చేతికి అన్ని వైపుల నుంచీ గాలి నొక్కుతోంది, మన ఒంట్లోని ద్రవాలూ వాయువులూ లోపలి నుంచి అంతే పీడనంతో ఎదురు నొక్కుతున్నాయి. రెండూ సరిపోయాయి.

జర్మనీలో మాగ్డెబర్గ్ నగరానికి మేయరుగా ఉన్న ఒట్టో వాన్ గెరిక్ 1650లలో దీన్ని జనానికి చూపించాడు. రెండు రాగి అర్ధగోళాలను కలిపి, లోపలి గాలిని పంపుతో తోడేశాడు. అటూ ఇటూ గుర్రాలను కట్టి లాగించినా అవి విడివడలేదు. లోపలికి గాలి వదలగానే మామూలుగా విడిపోయాయి. బయటి పీడనం అంతకుముందూ అంతే, తరవాతా అంతే. మారింది లోపలిది.

చదువులోనూ ఇంతే. బయటి నుంచి వచ్చే ఒత్తిడి ఒకేలా ఉన్నా ఒకరు నిలబడతారు, ఒకరు నలుగుతారు. కంటినిండా నిద్ర, ఆకలికి అన్నం, మనసు విప్పి మాట్లాడే ఒక్క స్నేహితుడు, ఇష్టంగా చేసే ఒక పని... ఇవే లోపలి గాలి. పరీక్షల వారం రాగానే మనం ముందు తోడేసేది సరిగ్గా వీటినే!

అలాగని ఒత్తిడి అసలు లేకపోవడమూ మంచిది కాదు. అంతరిక్షంలో గాలి లేదు, అక్కడ మనిషి శరీరం నిలవదు. అందుకే వ్యోమగాములు వేసుకునే సూటులో కొంత పీడనం ఉంచుతారు. నాసా వాళ్ళు అంతరిక్ష కేంద్రం బయట నడిచేటప్పుడు అది భూమి మీది పీడనంలో మూడో వంతుకి కాస్త తక్కువ. సున్నా కాదు, నిండుగానూ కాదు. పనికి సరిపడేంత!

4. గాలి ఎందుకు వీస్తుంది?

పీడనం ఉన్నంత మాత్రాన గాలి వీయదు. రెండు చోట్ల మధ్య పీడనంలో తేడా ఉంటే వీస్తుంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను అమ్మానాన్నలకు గుర్తుండే ఉంటుంది. సముద్ర మట్టం దగ్గర మామూలు పీడనం 1013 మిల్లీబార్లు. ఆ తుఫాను కేంద్రంలో అది సుమారు 950కి పడిపోయింది. అంటే తగ్గింది ఆరు శాతం మాత్రమే. ఆ తేడాకే విశాఖలో చెట్లు కూకటివేళ్ళతో లేచిపోయాయి.

మనుషుల మధ్య తుఫాను కూడా తేడాలోంచే పుడుతుంది. మీకు 92 మార్కులు వచ్చాయి. హాయిగా ఉంది. పాట్‌లక్‌లో ఒక అంకుల్ "మావాడికి 98 వచ్చాయండీ, మీవాడికెన్ని?" అన్నారు. అంతే, గాలి మొదలు! మీ మార్కులు మారలేదు, మీకు వచ్చిన పాఠమూ మారలేదు. పక్కన ఇంకో అంకె వచ్చి నిలబడింది. పెద్దలకు ఒక చిన్న విన్నపం: ఆ ప్రశ్న మానేస్తే సగం తుఫాన్లు తీరం దాటకముందే బలహీనపడతాయి.

5. గేజి చూపించే సున్నా

టైరుకి గాలి పట్టేటప్పుడు గేజి 32 పి.ఎస్.ఐ. అని చూపిస్తుంది. నిజానికి లోపల ఉన్నది దాదాపు 47. ఎందుకంటే గేజి బయటి గాలి కంటే ఎంత ఎక్కువో మాత్రమే చెబుతుంది. బయటి గాలి 14.7 అన్నది లెక్కలోకి రాదు. చదునుగా అయిపోయిన టైరుకి గేజి పెడితే సున్నా చూపిస్తుంది, కానీ అక్కడా 14.7 ఉంది. తాతయ్య రక్తపోటు 120 అంటే అదీ ఇలాంటి కొలతే, బయటి గాలి మీద అదనంగా ఉన్నది.

ఈ దేశంలో పెరిగే మన పిల్లల మీద గేజికి అందని 14.7 ఒకటుంది. లంచ్ డబ్బాలో పులిహోర చూసి పక్కవాడు మొహం పెట్టడం. టీచరు ప్రతి ఏడూ పేరు తప్పు పలకడం. ఇంట్లో ఒక భాష, బయట ఇంకో భాష. ఇండియా వెళితే అమెరికా పిల్ల, అమెరికాలో ఇండియా పిల్ల. ఇవేవీ రిపోర్టు కార్డులో ఉండవు. "ఎలా ఉన్నావమ్మా?" అంటే "ఫైన్" అంటారు. గేజి సున్నా చూపించింది. లోపల ఏమీ లేదని కాదు.

6. పాస్కల్ సూత్రం, మన ఇల్లు

ఫ్రాన్స్‌కి చెందిన బ్లెయిజ్ పాస్కల్ 17వ శతాబ్దంలో చెప్పిన సూత్రం: మూసిన పాత్రలో ఉన్న ద్రవం మీద ఒక చోట పీడనం పెంచితే, అది తగ్గకుండా పాత్రలో అన్ని మూలలకూ చేరుతుంది. కారు బ్రేకులు పనిచేసేది ఇలాగే. కాలు నొక్కేది ఒక చోట, పట్టుకునేది నాలుగు చక్రాలనీ.

మూసిన ఇల్లు కూడా అలాంటి పాత్రే. 2022, 2023 సంవత్సరాల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో వేలమంది ఉద్యోగాలు పోయినప్పుడు మన ఇళ్ళలో ఇది చూశాం. హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే, ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజుల వరకే గడువు. ఆ రోజుల్లో మన బడిలో ఒక నాలుగో తరగతి పాప హోంవర్కు పుస్తకంలో "మేము ఇల్లు మారతామా?" అని తెలుగులో రాసింది. నేనిచ్చిన హోంవర్కు ప్రశ్నార్థక వాక్యాలు రాయడం, అంతే! ఆ ఇంట్లో ఉద్యోగం సంగతి పాపకి ఎవ్వరూ చెప్పలేదు. చెప్పకపోయినా చేరింది. పిల్లలకు తెలియకూడదని తలుపులు మూస్తాం. తలుపులు మూసిన కొద్దీ పాస్కల్ సూత్రం ఇంకా బాగా పనిచేస్తుంది. వయసుకి తగ్గట్టు నాలుగు మాటలు చెప్పడమే మూత కొంచెం తీయడం.

7. కుక్కరు నేర్పే పాఠం

డెన్వర్ నగరం సముద్ర మట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం తక్కువ కాబట్టి నీళ్ళు సుమారు 95 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి, గిన్నెలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. కుక్కర్లో బయటి గాలికి మరో అంత పీడనం చేరుతుంది, నీళ్ళు సుమారు 120 డిగ్రీల దాకా మరగవు, పప్పు త్వరగా మెత్తబడుతుంది. ఒత్తిడి ఉడికిస్తుంది కూడా! పరీక్ష ఉందన్న భయం కొంచెం ఉంటేనే మనం పుస్తకం తీస్తాం.

కానీ కుక్కరు మీద ఒక బరువు, దానికి తోడు ఒక సేఫ్టీ వాల్వు ఉంటాయి. 1679లో ఆవిరితో ఉడికించే పాత్రను లండన్ రాయల్ సొసైటీకి చూపించిన డెనిస్ పాపిన్ దానికి సేఫ్టీ వాల్వు కూడా రూపొందించాడు. కూత వేసే కుక్కరు మంచి కుక్కరే. కూత వేయాల్సిన సమయంలో వేయని కుక్కరు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. పిల్లవాడు విసుక్కున్నా, ఏడ్చినా, "నా వల్ల కాదు" అన్నా అది కూత. దాన్ని నోరు మూయించకండి, ముందు మంట తగ్గించండి.

8. పోలిక ఎక్కడ ఆగిపోతుంది?

ఇంజనీరింగులో మాకు ఇంకో రెండు మాటలు నేర్పారు. వస్తువు లోపల ప్రతి చదరపు మీటరుకీ పుట్టే ఎదురు బలం ప్రతిబలం, దాన్నే స్ట్రెస్ అంటారు. దాని వల్ల వస్తువు ఆకారంలో వచ్చే మార్పు వికృతి, అంటే స్ట్రెయిన్. 20వ శతాబ్దంలో హాన్స్ సెల్యే వంటి పరిశోధకులు స్ట్రెస్ అనే మాటను మన శరీరానికి కూడా వాడుకలోకి తెచ్చారు. తీగను కొంత లాగి వదిలితే మళ్ళీ మామూలవుతుంది. హద్దు దాటితే సాగినది సాగినట్టే ఉండిపోతుంది. హద్దు లోపలే అయినా, లెక్కలేనన్ని సార్లు లాగుతూ వదులుతూ ఉంటే ఒక రోజు లోహం కూడా అలిసి విరుగుతుంది.

ఇంతవరకూ పోలిక బాగానే ఉంది. కానీ మూడు తేడాలు మరిచిపోకూడదు.

ఒకటి, ఉక్కు హద్దు ఎంతో పట్టికలో రాసి ఉంటుంది. పిల్లల హద్దు ఏ పట్టికలోనూ లేదు. ఒకే తల్లి పిల్లలకే వేరువేరు.

రెండు, ఒకే పీడనం పనిని బట్టి మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. 1908లో యర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల మీద ప్రయోగం చేశారు. తేలిక పనిని అవి ఎక్కువ ఒత్తిడిలోనూ నేర్చుకున్నాయి. కష్టమైన పనికి మాత్రం మధ్యస్థంగా ఉన్న ఒత్తిడే మేలు చేసింది. మనుషులు ఎలుకలు కారు, నిజమే. అయినా ఎక్కాలు అప్పజెప్పించడానికి పనికొచ్చిన గద్దింపు, కాలిక్యులస్‌కి పనికిరాకపోవచ్చని గుర్తుంచుకోవచ్చు.

మూడు, అన్నిటికన్నా ముఖ్యమైనది. తీగ మాట్లాడదు. "ఇంక లాగకండి" అని చెప్పలేదు. మనిషి చెప్పగలడు. చెబితే వినేవాళ్ళుంటే మనిషి మీద బరువు అక్కడికక్కడే తగ్గుతుంది. ఏ లోహానికీ ఆ వరం లేదు.

9. పెద్దలతో ఒక మాట

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం భారతదేశంలో 2022లో 13 వేలకు పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అందరి కారణాలూ చదువే కావు. అయినా ఆ అంకె వెనక ఉన్న ఒక్కొక్క ఇల్లు తలచుకోండి. మనలో చాలామందిమి ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగి, తట్టుకుని ఇక్కడిదాకా వచ్చాం. కాబట్టి "మేం పడలేదా?" అనడం తేలిక. కానీ విరగని తీగలను మాత్రమే లెక్కపెట్టి, ఈ బరువు అన్ని తీగలూ మోస్తాయని ఏ ఇంజనీరూ సంతకం పెట్టడు.

నిద్ర, తిండి మారిపోవడం, ఇష్టమైన ఆటలు వదిలేయడం, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలు... ఇవి కనబడితే మార్కుల సంగతి పక్కన పెట్టి ముందు బిడ్డ పక్కన కూర్చోండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడానికి భయపడకండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన బయటికి వచ్చే దారి దొరుకుతుంది. అమెరికాలో ఎక్కడి నుంచైనా, ఏ వేళనైనా 988కి ఫోన్ చేయవచ్చు, మెసేజీ పంపవచ్చు. 2022 జూలై నుంచి ఈ నంబరు పనిచేస్తోంది. ఇండియాలో ఉన్న మన వాళ్ళ కోసం టెలిమానస్ నంబరు 14416, అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు.

పిల్లలూ, మీకూ ఒక మాట. స్నేహితుడెవరైనా అలా మాట్లాడి "ఎవ్వరికీ చెప్పకు" అంటే, ఆ ఒక్క రహస్యం మాత్రం దాచకండి. నమ్మకమున్న పెద్దవాళ్ళకి వెంటనే చెప్పండి.

అభ్యాసం

అ) ఖాళీలు పూరించండి: (పీడనం, పోటు, ఒత్తిడి, కుంగుబాటు)
1. బంగాళాఖాతంలో అల్ప______ ఏర్పడింది.
2. అమ్మమ్మ రక్త______కి రోజూ మాత్ర వేసుకుంటుంది.
3. పరీక్షల ______ తగ్గాలంటే రోజూ కొంచెం కొంచెం చదవాలి.
4. మనసు ______ ఎక్కువ రోజులు ఉంటే డాక్టరుకి చూపించాలి.

ఆ) "ఒత్తు" అనే క్రియతో మూడు సొంత వాక్యాలు రాయండి. మూడింట్లోనూ అర్థం వేరుగా ఉండాలి.

ఇ) ఇంట్లో చేయండి: గ్లాసు నిండా నీళ్ళు పోసి, పైన దళసరి కాగితం పెట్టి, చెయ్యి ఆనించి జాగ్రత్తగా తలకిందులు చేయండి. మెల్లగా చెయ్యి తీయండి. నీళ్ళు ఎందుకు కారలేదో తెలుగులో ఐదు వాక్యాల్లో రాయండి. (సింకు దగ్గర చేయండి, అమ్మ సంతోషిస్తుంది.)

ఈ) అమ్మనో నాన్ననో అడగండి: "మీరు నా వయసులో ఉన్నప్పుడు మీకు దేని గురించి ఒత్తిడి ఉండేది?" వాళ్ళు చెప్పింది విని రాసుకోండి. తరవాత అదే ప్రశ్న వాళ్ళు మిమ్మల్ని అడగాలి. ఈ అభ్యాసానికి మార్కులు లేవు.